అమ్మ కువైట్ సెట్టు

మన ఇళ్ళల్లో వస్తువులకి డెత్ సర్టిఫికెట్ చాలా తొందరగా రాసేస్తామండీ. మిక్సీ తిరగకపోతే ‘పోయింది’ అంటాం. ఇస్త్రీపెట్టె వేడెక్కకపోతే ‘పోయింది’ అంటాం. పోయింది అన్నాక ఇంక దాని సంగతి ఎవరూ పట్టించుకోరు. అటక మీదకో, పాత సామాన్లు కొనేవాడి తోపుడుబండి మీదకో చేరిపోతుంది. నిజానికి వాటిలో చాలావాటికి పోయింది ఒక చిన్న ముక్కే. ఆ ముక్క ఎక్కడుందో వరసగా చూసుకుంటూ వెళ్ళే ఓపిక మనకుండాలి. ఈ మాట మా అమ్మ స్టీరియో సెట్టు విషయంలో నాకు బాగా అనుభవంలోకి వచ్చింది. మీలో కొందరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఆ సెట్టు గురించి చెప్పాలి. దాన్ని స్టీరియో రిసీవర్ అంటారు. రేడియో, పాటని పెద్దది చేసే ఆంప్లిఫైయరు రెండూ ఒకే పెట్టెలో ఉంటాయి. స్పీకర్లు మాత్రం విడిగా రెండు చెక్క డబ్బాలు. ముందువైపు వెండి రంగు పలక, పెద్ద పెద్ద గుండ్రటి తిప్పుడు బొత్తాలు, స్టేషను చూపించే అద్దం, దాని వెనక పసుపు దీపం. ఇప్పటి పిల్లలకి చూపిస్తే ‘ఇదేంటి, విమానం నడిపేదా?’ అంటారు.

మాది రాజోలు దగ్గర ఒక పల్లెటూరు. ఇల్లు తాకట్టులో ఉంటే, అది విడిపించడానికి 1983లో అమ్మ కువైట్ వెళ్ళింది. ఒక ఇంట్లో వంటపని, ఇంటిపని. మేమిద్దరం పిల్లలం అమ్మమ్మ దగ్గర పెరిగాం. అమ్మకి రాయడం అంతంతమాత్రం. ఆ రోజుల్లో కువైట్, దుబాయి వెళ్ళినవాళ్ళు చాలామంది చేసినట్టే తనూ క్యాసెట్టులో మాట్లాడి, ఊరికి వచ్చేవాళ్ళ చేత పంపేది. పక్కింటివాళ్ళ టూ-ఇన్-వన్ చుట్టూ కూర్చుని వినేవాళ్ళం. ‘నూనె రాసుకో, తమ్ముణ్ణి కొట్టకు, అమ్మమ్మ మాట విను’ — ఇంతే ఉండేది అందులో. మళ్ళీ మళ్ళీ వేయించుకుని వినేవాళ్ళం.

1987లో సెలవు మీద వస్తూ ఈ సెట్టు తెచ్చింది. ఆ ఇంటివాళ్ళు కొత్తది కొనుక్కుని పాతది అమ్మకిచ్చారు. దుప్పట్లలో చుట్టి, బొంబాయిలో విమానం దిగి, కస్టమ్స్ వాళ్ళకి కట్టాల్సింది కట్టి, రైలెక్కి రాజమండ్రిలో దిగింది. అక్కడినించి బస్సు, ఆ పైన రిక్షా. సెట్టు మీద ఒక్క గీత పడలేదు. మర్నాడు అమ్మ దాన్ని బల్ల మీద పెట్టి బొత్తాం నొక్కగానే దీపం వెలిగింది. రెండు మూడు సెకన్లు ఏమీ లేదు. తర్వాత లోపల ‘టిక్’ అని చిన్న చప్పుడు. ఆ వెంటనే విజయవాడ కేంద్రం ఇల్లంతా నిండిపోయింది. మా వీధి వీధంతా మా గుమ్మంలోనే ఉంది ఆ రోజు.

అమ్మ మళ్ళీ వెళ్ళింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చేసింది. అక్కడున్న మనవాళ్ళు ఇరాక్ మీదుగా జోర్డాన్ చేరుకుంటే, అమ్మాన్ నించి దాదాపు రెండు నెలలపాటు ఎయిరిండియా విమానాలు లక్షకు పైగా భారతీయుల్ని ఇళ్ళకి చేర్చాయి. ఆ లక్షలో మా అమ్మ ఒకతె. ఒంటిమీద చీర, చేతిలో బట్టల సంచి. జీతం బాకీ అక్కడే, కొనుక్కున్న సామాను అక్కడే. ఇల్లు విడిపించుకున్నాం, దేవుడి దయ. కానీ ఆ ఏడేళ్ళకి గుర్తుగా కంటికి కనిపించేది ఈ సెట్టు ఒక్కటే మిగిలింది.

ఇప్పుడు అమ్మ కాకినాడలో నా దగ్గరే ఉంటోంది. సెట్టూ ఆవిడతోనే వచ్చింది. పొద్దున్నే ఎఫ్.ఎం. పెట్టుకుని పూలు కట్టుకోవడం అలవాటు. మొన్న వానల్లో ఒక రాత్రి కరెంటు పోయి, వచ్చి, మళ్ళీ పోయి వచ్చింది. వచ్చిన ఊపుకి వంటింట్లో బల్బు ఒక్కసారి ధగధగలాడింది. తెల్లారి అమ్మ బొత్తాం నొక్కితే దీపం లేదు, టిక్ లేదు, ఏమీ లేదు.

‘నలభయ్యేళ్ళ నాటిది అమ్మమ్మా, నీకు చిన్న బ్లూటూత్ స్పీకరు కొనిస్తాలే’ అన్నాడు మా అబ్బాయి. వాడిది ప్రేమే, కాదనను. ‘చోటు కలిసొస్తుంది కూడా’ అన్నారు మావారు. అమ్మ ‘అవునర్రా, తీసేయండి. దానికీ వయసైపోయింది’ అంది. అనడం అయితే అంది గానీ, మర్నాడు పొద్దున్న చూస్తే మెత్తటి గుడ్డ పెట్టి ఆ వెండి పలకని తుడుస్తోంది. ఆ మర్నాడూ అంతే. పాడని సెట్టుని రోజూ తుడవడం చూసి నా కడుపులో దేవేసినట్టయింది. పాత సామాన్లవాడి కేక వీధిలో వినిపించేలోగా దీని సంగతి తేల్చాలనుకున్నాను.

మా పెదనాన్నగారు వైరింగు పని చేసేవారు. ‘గోడ దగ్గర మొదలెట్టి లోపలికి రావాలి గానీ, లోపల మొదలెట్టి గోడ దగ్గరికి పోకూడదు’ అనేవారాయన. నేనూ అదే వరస పట్టుకున్నాను.

మొదటిది ప్లగ్ పాయింటు. టెస్టరు పెడితే వెలుగుతుంది కదా అని మనం వదిలేస్తాం. టెస్టరు వెలిగితే ఫేజు ఉందని మాత్రమే తెలుస్తుంది. న్యూట్రల్ తెగి ఉంటే టెస్టరు వెలుగుతుంది, వస్తువు మాత్రం పనిచెయ్యదు. అందుకని టేబుల్ ల్యాంపో, ఇస్త్రీపెట్టో ఏదో ఒకటి అదే పాయింటుకి పెట్టి చూడాలి. నేను ల్యాంపు పెట్టాను, శుభ్రంగా వెలిగింది. పాయింటు తప్పు కాదు.

రెండోది ప్లగ్గు. కువైట్ ప్లగ్గు మన ప్లగ్గులా ఉండదు. మూడు చదరపు కాళ్ళు, బ్రిటిషువాళ్ళ పద్ధతి. మన గోడకి పెట్టాలంటే మధ్యలో అడాప్టరు ఉండాలి. ఆ అడాప్టరు వదులైతే లోపల నిప్పురవ్వలు వచ్చి నల్లబడుతుంది. వంద రూపాయల లోపు వస్తువు కాబట్టి కొత్తది తెప్పించి చూశాను. ఫలితం లేదు.

ఇక్కడే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆ చదరపు కాళ్ళ ప్లగ్గులోనే ఒక ఫ్యూజు ఉంటుంది! మన ప్లగ్గుల్లో ఉండదు కాబట్టి మన ఎలక్ట్రీషియన్లు కూడా ఒక్కోసారి మర్చిపోతారు. గల్ఫ్ నించో లండన్ నించో వచ్చిన వస్తువు మీ ఇంట్లో ఉంటే గుర్తుపెట్టుకోండి. ప్లగ్గు గోడ నించి పూర్తిగా పీకేసి, దాని మొహం మీదున్న స్క్రూ విప్పితే లోపల చిన్న తెల్లటి గొట్టంలాంటిది కనిపిస్తుంది. అది పింగాణీది. లోపల తీగ తెగిందో లేదో కంటికి కనపడదు.

దాన్ని చూడటానికి ఇంట్లోనే ఒక ఉపాయం ఉంది. పాతకాలపు స్టీలు టార్చి లైటుంటే వెనక మూత తీసేయండి. ఫ్యూజు ఒక చివర బ్యాటరీ అడుగుకి, రెండో చివర టార్చి రేకు అంచుకి తగిలేలా పట్టుకుని స్విచ్చి వేయండి. టార్చి వెలిగితే ఫ్యూజు మంచిది. వెలగకపోతే పోయినట్టు. రంగు వేసిన రేకయితే రంగు లేని చోట తగలాలి, ప్లాస్టిక్ టార్చి పనికిరాదు. నేను చేసి చూశాను. టార్చి వెలిగింది. మా అబ్బాయి కూడా సెల్‌ఫోను పక్కన పెట్టి వచ్చి చూశాడు, అది వేరే సంగతి!

మూడోది వైరు. వైరు సాధారణంగా మధ్యలో తెగదు. ప్లగ్గు దగ్గరో, సెట్టులోకి దూరే చోటో మడతలు పడిపడి తెగుతుంది. పైన తొడుగు బాగానే ఉన్నా లోపల రాగి తెగి ఉండొచ్చు. ఎలుకలు కొరికిన గుర్తులు కూడా చూసుకోవాలి. వైరు మీద కోత గానీ, మెత్తబడిన చోటు గానీ ఉంటే కరెంటు పెట్టి కదిపి చూసే సాహసం చేయకండి, మార్పించేయండి. మా వైరు బాగానే ఉంది.

నాలుగోది సెట్టు వెనకభాగం. చాలా విదేశీ సెట్లకి వెనక ఓల్టేజి మార్చే మీట ఉంటుంది. 110 అనీ 220 అనీ 240 అనీ రాసి ఉంటుంది. దులిపేటప్పుడు అది జరిగితే ప్రమాదం. 110 మీద ఉన్న సెట్టుకి మన కరెంటు ఇస్తే కాలిపోతుంది. మాది 240 మీదే ఉంది.

ఐదోది స్పీకర్ల వైర్లు. వెనక బిగించే చోట సన్నటి రాగి పోగులు ఒకదానికొకటి తగిలితే, సెట్టు తనను తాను కాపాడుకోవడానికి నోరు మూసుకుంటుంది. మొదట్లో ‘టిక్’ అనేదన్నాను చూశారా, అది కాపలాదారు లాంటి రిలే. అంతా సవ్యంగా ఉందని తేలాకే అది టిక్కుమని స్పీకర్లని కలుపుతుంది. కాబట్టి దీపం వెలిగి టిక్ రాకపోతే, సెట్టు ఆపి, స్పీకర్ల వైర్లు రెండువైపులా తీసేసి, మళ్ళీ వేసి చూడాలి. దీపమూ వెలిగి, టిక్కూ వచ్చి, పాట మాత్రం రాకపోతే ‘టేప్ మానిటర్’ అన్న బొత్తాం నొక్కుకుపోయిందేమో చూడండి. ఆ ఒక్క బొత్తాం వల్ల రిపేరుకి వెళ్ళి వచ్చిన సెట్లు ఎన్నో అని తర్వాత మెకానిక్కు చెప్పాడు.

మాదానికి అసలు దీపమే లేదు. అంటే గోడ నించి సెట్టు వెనక దాకా అంతా మంచిదే, తప్పు లోపల ఉంది. ఇక్కడ నేను ఆగిపోయాను. మీరూ ఆగాలి. ఎందుకంటే ఇలాంటి సెట్లలో పెద్ద కండెన్సర్లు ఉంటాయి. ప్లగ్గు పీకేసినా అవి కొంతసేపు కరెంటు దాచుకునే ఉంటాయి. మూత తీసి వేలు పెట్టామా, గట్టి షాకే. పైగా ఫ్యూజు పోయిందని సిగరెట్టు పెట్టెలో వెండి కాగితమో, లావు రాగి తీగో చుట్టి పెట్టేవాళ్ళున్నారు. అలా చేస్తే కాలాల్సిన ఫ్యూజు కాలదు, దాని బదులు ట్రాన్స్‌ఫార్మరు కాలుతుంది. ఒక్కోసారి ఇల్లే కాలుతుంది.

జగన్నాథపురంలో పాత రేడియోలు బాగుచేసే ఒకాయన ఇంకా ఉన్నాడని పూలమ్మి చెప్పింది. ఆటోలో సెట్టు ఎక్కించాం. అమ్మ నేనూ వస్తానంది. ‘ఎందుకమ్మా, ఎండ’ అంటే వినలేదు. దారి పొడుగునా సెట్టు మీద చెయ్యి వేసుకునే కూర్చుంది.

ఆయన మూత తీసి, ముందు ఆ పెద్ద కండెన్సర్లలో మిగిలిన కరెంటు ఒక బల్బు ద్వారా తీసేశాడు. బ్రష్షుతో బొద్దింకల చెత్త ఊడ్చాడు. లోపలి గాజు ఫ్యూజు తీసి వెలుగులో పట్టుకున్నాడు. గాజు లోపలంతా నల్లగా ఉంది.

‘ఆయ్, చూడండమ్మగారూ. తీగ ఊరికే సన్నగా తెగితే వయసైపోయి తెగిందనుకోవచ్చండి. ఇలా నల్లగా మాడిందంటే లోపల ఎక్కడో షార్టుందండి. ఇప్పుడు ఊరికే ఫ్యూజు మార్చేస్తే ఇదీ మాడిపోతుందండి’ అన్నాడు.

కొత్త ఫ్యూజు వేసి, సెట్టుని గోడకి నేరుగా పెట్టకుండా మధ్యలో ఒక పాతకాలపు వంద క్యాండిల్ బల్బు కలిపాడు. సీరీస్ బల్బు అంటారట. సెట్టులో షార్టుంటే ఆ కరెంటంతా బల్బు తీసుకుని వెలుగుతుంది, సెట్టుకి ఏమీ కాదు. దీనికి తీగ బల్బే కావాలి, ఎల్.ఇ.డి. బల్బు పనికిరాదు. స్విచ్చి వేశాడు. బల్బు ఫెళ్ళున వెలిగింది. నాకు సంతోషం వేసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ‘ఇక్కడ లెక్క తిరగేసి ఉంటుందండి. బల్బు వెలిగితే సెట్టు చెడ్డట్టండి, బల్బు మసకబారితే సెట్టు బాగున్నట్టండి.’

తర్వాత ట్రాన్స్‌ఫార్మరు నించి ముందుకి వెళ్ళే వైర్లు విప్పి మళ్ళీ వేశాడు. బల్బు ఆరినంత పనైంది. అంటే ట్రాన్స్‌ఫార్మరు బాగుంది. అది పోతే ఆ సెట్టుకి మళ్ళీ దొరకడం కష్టం కాబట్టి అమ్మ ముఖంలోకి కాస్త రక్తం వచ్చింది. ఇంక మీటరు పెట్టి ఒక్కో ముక్కా చూశాడు. గోడ కరెంటుని సెట్టుకి కావలసిన రకంగా మార్చే డయోడ్లు నాలుగుంటాయి. కరెంటుని ఒకవైపే పోనివ్వడం వాటి పని. అందులో ఒకటి రెండువైపులా పోనిస్తోంది. ఆ రాత్రి కరెంటు ఊపుకి పోయింది అదొక్కటే. నాలుగూ ఒకే వయసువి కాబట్టి నాలుగూ మార్చాడు.

మారుస్తూ ‘ఎంతకి కొన్నారు మామ్మగారూ ఇది?’ అని అడిగాడు.

‘కొనలేదు బాబూ. ఆ ఇంట్లో నాలుగేళ్ళు దీన్ని తుడిచాను. తర్వాత నాకిచ్చారు’ అంది అమ్మ.

ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత అడక్కుండానే బొత్తాలన్నిటికీ మందు కొట్టి గరగర పోగొట్టాడు. వదులైన సాల్డరింగు మళ్ళీ పోశాడు. సీరీస్ బల్బు పెట్టి స్విచ్చి వేస్తే బల్బు ఒక్కసారి మెరిసి మసకబారింది. ఇంక బల్బు తీసేసి నేరుగా గోడకి పెట్టాడు. అద్దం వెనక పసుపు దీపం వెలిగింది. ఎవరం మాట్లాడలేదు. టిక్!

‘వచ్చింది’ అంది అమ్మ. పాట వినకముందే, ఆ టిక్‌కే అంది.

డయోడ్లు, ఫ్యూజు కలిపి యాభై రూపాయలు కాలేదు. చేతిపనికి ఐదొందలు తీసుకున్నాడు. ఆ ఐదొందలూ ఇస్తూ నాకు ఇవ్వాల్సింది ఇంకా ఉందనిపించింది.

ఇంటికొచ్చాక మా అబ్బాయి ఇంకో పని చేశాడు. సెట్టు వెనక ‘ఆక్స్’ అని రాసిన రెండు రంధ్రాలున్నాయి. ఒక చివర ఎరుపు, తెలుపు పిన్నులు, రెండో చివర ఫోనుకి పెట్టే పిన్నూ ఉన్న వైరు బజార్లో దొరుకుతుంది. ఎరుపు కుడికి, తెలుపు ఎడమకి. ఇప్పుడు వాడి ఫోనులో పాటలు అమ్మమ్మ స్పీకర్లలో వస్తున్నాయి. మీరు పెట్టుకుంటే ‘ఫోనో’ అన్న రంధ్రాల్లో మాత్రం పెట్టకండి. అవి గ్రామఫోను రికార్డుల కోసం, పాట బొంగురుగా వస్తుంది. బ్లూటూత్ స్పీకరు ఊసు వాడు మళ్ళీ ఎత్తలేదు.

కరెంటు పోయినప్పుడు మాత్రం ఇప్పుడొక కట్టుబాటు పెట్టుకున్నాం. ఎవరు దగ్గరుంటే వాళ్ళు సెట్టు ప్లగ్గు పీకేస్తారు. కరెంటు వచ్చాక ఐదు నిమిషాలాగి పెడతాం. సెట్టు చుట్టూ గాలి ఆడేలా నాలుగు వేళ్ళ సందు వదిలాం. పైన పరిచే అల్లిక గుడ్డ తీసేసి, అమ్మ ముచ్చట కాదనలేక స్పీకర్ల మీద వేశాం. గుడ్డ వేస్తే పైనున్న గాలి రంధ్రాలు మూసుకుపోయి లోపల వేడెక్కుతుంది మరి.

రిపేరైన తారీకు, ఫ్యూజు నంబరు, ఓల్టేజి మీట ఎక్కడుండాలో ఒక చీటీ మీద రాసి సెట్టు అడుగున అంటించాను. రేపు ఇంకెవరైనా విప్పితే వాళ్ళకి ఉపయోగం. అంటిస్తుంటే అమ్మ పక్కనే నిలబడి చూసింది.

‘పైన ఇంకో ముక్క రాయి’ అంది.

‘ఏం రాయమంటావు?’

‘కువైట్, 1987 అని రాయి. నా పేరు కూడా.’

రాశాను.